చిన్న చిత్రానికి నిండు తీర్పు

కళకు కలిమిలేములతో పని లేదని సభలలో చెప్పుకోవడం మనకు అలవాటు. చెప్పినంత సులువుగా ఆ మాటను పాటించడం మాత్రం మనకు చేతకాదు. నూరు కోట్లు ఖర్చుపెట్టి తీసిన చిత్రం వస్తే దాని తప్పులను సైతం గంటల తరబడి చర్చిస్తాము; అందులో నూరవ వంతుతో తీసిన చిత్రం వస్తే దాని ఒప్పులను కూడా పది నిమిషాలు ఓపికగా చూడలేము. ఈ అసమానతను గురించి, దాని వలన చిత్రం తీసినవారికంటే చూసే మనకే కలుగుతున్న నష్టాన్ని గురించి, విద్యార్థి మిత్రులకూ కళాశాల పాలకవర్గం వారికీ నాలుగు మాటలు విన్నవించాలని మా ఉద్దేశం.

బాహుదా నది ఒడ్డున, రాష్ట్రానికి ఉత్తరపు కొసన ఉన్న మన ఇచ్ఛాపురానికి సినిమా ఒకప్పుడు ఆలస్యంగా వచ్చే అతిథి. నగరాలలో ఆడి, గీతలు పడి, అలసిపోయిన ప్రింటు రేకుపెట్టెలో మన దాకా వచ్చిన రోజులు పెద్దలకు గుర్తే. తారలు లేని చిత్రానికి ఆ పెట్టె ప్రయాణం కూడా ఉండేది కాదు. 2016లో ఈ స్థితి మారడం మొదలైంది. ఆ యేడు జనవరిలో నెట్‌ఫ్లిక్స్, డిసెంబరులో అమెజాన్ ప్రైమ్ వీడియో మన దేశంలో అడుగుపెట్టాయి. ఆ రెంటికీ నడుమ సెప్టెంబరులో జియో రాకతో చరవాణి డేటా కూలివాడికి సైతం అందుబాటులోకి వచ్చింది. 2020లో తెలుగుకే ప్రత్యేకించిన ఆహా వెలిసింది. నేడు ఒక చిత్రం హైదరాబాదులోనూ, కవిటి కొబ్బరితోటల నడుమనున్న ఇంటిలోనూ ఒకే రాత్రి ఆడుతున్నది. ఉద్దానం నుండి బ్రతుకుతెరువుకై చెన్నైకో గల్ఫు దేశాలకో వెళ్లిన అన్న అక్కడ చూసిన చిత్రాన్నే చెల్లెలు ఇక్కడ చూస్తున్నది. ఓటీటీ అని మూడక్షరాలతో మనం పిలుచుకుంటున్నది ఈ ఏర్పాటునే.

ఈ వేదికల మీద పెద్ద చిత్రాల వెలుగు పడని మూలల్లో ఒక ప్రత్యేకమైన పంట పండుతున్నది. భయానక కథలు, నేరపరిశోధన కథలు, వింత కథలు. పరిశ్రమవారు జానర్ చిత్రాలని వ్యవహరించేవి ఇవే. పేరున్న తారలు ఉండరు. పెద్ద సంస్థల అండ ఉండదు. పేదవాడైన దర్శకుడు తరచుగా ఈ కోవనే ఎందుకు ఎంచుకుంటాడు? కారణం స్పష్టమే. భయానికి తారాగణం అక్కరలేదు. చీకటి చవక. తలుపు కిర్రుమన్న చప్పుడుకు పారితోషికం లేదు. ప్రేమకథకు అందమైన ముఖం, వీరగాథకు వేయి గుర్రాలు కావాలి. దయ్యం కథకు పాడుబడిన ఇల్లు, నేరకథకు బిగువైన ఆలోచన ఉంటే చాలు. లేమి అనేది ఇక్కడ అడ్డంకి మాత్రమే గాక ఆయుధం కూడా.

ఇది నిన్నటి ముచ్చట కాదు. 1968లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ ప్రాంతంలో జార్జ్ రోమెరో అనే యువకుడు మిత్రులతో చందాలు వేసుకుని, సుమారు 1,14,000 డాలర్లతో ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ తీశాడు. పంపిణీదారులు పేరు మార్చే తొందరలో హక్కుల ప్రకటనను తెరపై వేయడం మరచినందున ఆ చిత్రం ఎవరి సొత్తూ కాకుండా పోయింది. అయినా శవాలు లేచి నడిచే కథలన్నిటికీ అదే మూలపురుషుడైంది. మన దేశంలో రామ్సే సోదరులు 1972లో ‘దో గజ్ జమీన్ కే నీచే’తో మొదలుపెట్టి, దర్శకత్వం, ఛాయాగ్రహణం, కూర్పు, శబ్దం అన్నీ కుటుంబంలోనే పంచుకుని హిందీలో భయానక చిత్రాలకు ఒక సంప్రదాయమే నెలకొల్పారు. తెలుగున 2003లో గుణ్ణం గంగరాజు నిర్మించగా చంద్రశేఖర్ యేలేటి తీసిన ‘ఐతే’ తక్కువ ఖర్చుతో, కొత్త ముఖాలతో వచ్చి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం గెలుచుకున్నది. 2011లో రామ్‌గోపాల్‌ వర్మ ‘దొంగల ముఠా’ను ఐదే రోజులలో చిన్న కెమెరాలతో చిత్రీకరించి, యంత్రసామగ్రి లేదన్న సాకుకు కాలం చెల్లిందని చాటాడు. ఆ చిత్రం గొప్పదా కాదా అన్నది వేరు సంగతి. దారి మాత్రం తెరచుకున్నది.

దారి తెరచుకున్నా చూపు తెరచుకోలేదని మా బాధ. చిన్న చిత్రానికి మనం రెండు విధాల అన్యాయం చేస్తున్నాము. మొదటిది తిరస్కారం. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి మెతుకు పట్టుకుంటే చాలునని సామెత చెప్పి, మొదటి పది నిమిషాలు చూసి మూసివేస్తాము. ఒక కుండలోని మెతుకులన్నీ ఒకే నీటిలో ఒకే మంట మీద ఉడుకుతాయి గనుక ఆ సామెత అన్నానికి చెల్లుతుంది. చిత్రం అటువంటిది కాదు. భయానక కథ మొదటి అరగంటలో కావాలనే నిదానిస్తుంది. ఆ నిదానంలో ఇంటిని, మనుషులను, వారి అలవాట్లను మనకు పరిచయం చేయకపోతే తరువాత ఆ ఇంటికి ఆపద వచ్చినప్పుడు మనకు గుండె ఝల్లుమనదు. బొటనవేలితో కథను ముందుకు తోసుకుంటూ చూసి, భయం కలగలేదని తీర్పు చెప్పేవాడు ఆలాపన దాటవేసి రాగం బాగులేదనే శ్రోత వంటివాడు.

రెండవ అన్యాయం జాలి. “పాపం, చిన్నవాళ్లు కష్టపడి తీశారు, బాగుందని చెబుదాము” అనడం. ఇది మంచితనంవలె కనిపిస్తుంది గాని తిరస్కారానికి తోబుట్టువే. పరీక్షలో తప్పిన విద్యార్థికి దయతో మార్కులు వేసే ఉపాధ్యాయుడు ఆ విద్యార్థికి మేలు చేస్తున్నాడా? చిన్న చిత్రమైనా మన రెండు గంటల కాలాన్ని అడుగుతున్నది. పెద్ద చిత్రం అడిగేదీ అంతే. కనుక రెంటినీ తూచే తక్కెడ ఒకటే కావాలి. ఖర్చును చూసి ఆశను తగ్గించుకోవడం న్యాయం కాదు. ఆ ఖర్చులో చేయదగినది చేశారా అని అడగడమే న్యాయం.

మన వార్షిక సంచిక రెండు భాషలలో వెలువడుతున్నది. ఆ రెండు భాషలూ ఈ విషయంలో మనకు రెండు మంచి మాటలు ఇచ్చాయి. ఉర్దూలో విమర్శను తన్‌కీద్ అంటారు. దాని మూలమైన అరబ్బీ ధాతువుకు నాణేలను పరీక్షించి మంచివాటిని చెల్లనివాటి నుండి వేరుచేయడమనే అర్థం ఉన్నది. సంస్కృతం నుండి మనకు వచ్చిన విమర్శ అన్న మాటలోని ధాతువుకు తాకి చూడడం, తడిమి తెలుసుకోవడమనే అర్థం ఉన్నది. ఒకటి షరాబు చేసే పని, మరొకటి వైద్యుడు చేసే పని. షరాబు నాణెం చిన్నదని వదలడు. అణాను కూడా మోగించి చూస్తాడు. వైద్యుడు రోగి పేదవాడని నాడి పట్టకుండా మందు రాయడు. చిన్న చిత్రాన్ని చూసేవారికి ఈ రెండు బుద్ధులూ కావాలి. ఐదు నక్షత్రాలలో రెండున్నర అని వేసి ఊరుకోవడం తన్‌కీదూ కాదు, విమర్శా కాదు.

మరి దేనిని మోగించి చూడాలి, ఎక్కడ నాడి పట్టాలి? మాకు తోచిన మూడు ప్రశ్నలను మీ ముందుంచుతున్నాము.

మొదటి ప్రశ్న: లేమిని దర్శకుడు దేనిగా మార్చాడు? దీనికి మహారాష్ట్రలోని మాలేగాఁవ్ మంచి ఉదాహరణ. మరమగ్గాల చప్పుడుతో నిండిన ఆ ఉర్దూ పట్టణంలో షేక్ నాసిర్ అనే ఆయన 2000లో ‘మాలేగాఁవ్ కే షోలే’ తీశాడు. బొంబాయి వారి రైళ్లూ గుర్రాలూ ఆయనకు లేవు. ఎద్దుబండీ, సైకిలూ ఉన్నాయి. కెమెరాను పైకెత్తడానికి బండి, పక్కకు నడపడానికి సైకిలు పనికివచ్చాయి. తరువాత ఆయన సూపర్‌మ్యాన్ కథను అనుకరించినప్పుడు ఆ వేషం వేసినది మరమగ్గం మీద పనిచేసే షఫీక్ షేక్ అనే బక్కపలచని మనిషి. ఫైజా అహ్మద్ ఖాన్ తీసిన ‘సూపర్‌మెన్ ఆఫ్ మాలేగాఁవ్’ అనే డాక్యుమెంటరీ ఆ చిత్రీకరణను లోకానికి చూపింది. షఫీక్ 2011లో నోటి క్యాన్సరుతో మరణించాడు. 2025లో రీమా కాగ్తీ ఈ కథనే ‘సూపర్‌బాయ్స్ ఆఫ్ మాలేగాఁవ్’ పేరిట పెద్ద చిత్రంగా తీసింది. మాలేగాఁవ్ చిత్రాలలో నవ్వు పుట్టడానికి కారణం వారి పేదరికం కాదు. తమ పేదరికాన్ని దాచుకోకుండా కథలోనే కలిపివేసిన వారి చాతుర్యం. ఆకాశంలో ఎగరవలసిన వీరుడు బక్కచిక్కి ఉండడమే అక్కడ హాస్యం, అదే అక్కడి సత్యం.

తెలుగున 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ప్రవీణ్ కాండ్రేగుల ‘సినిమా బండి’ ఇదే వరుసలోనిది. ఆటోలో ఎవరో మరచిపోయిన కెమెరా దొరికిన పల్లెటూరి మనిషి ఊరివారితో సినిమా తీయబూనడం అందలి కథ. పేరున్న నటుడొక్కడూ లేకపోవడం ఆ కథకు లోపం కాలేదు సరికదా, ఉంటేనే లోపమయ్యేది. అదే సంవత్సరం డిసెంబరులో డిస్నీ హాట్‌స్టార్‌లో వచ్చిన అనిల్ విశ్వనాథ్ ‘మా ఊరి పొలిమేర’ మరొక ఉదాహరణ. హాస్యపాత్రలకే అలవాటుపడిన సత్యం రాజేశ్‌ను ముఖ్యపాత్రలో నిలిపి, మనకు తెలిసిన ఆ ముఖాన్నే అనుమానాస్పదంగా మార్చిన తెలివి దానిది. నేరుగా ఇంటికి వచ్చిన ఆ చిత్రం ఎంతమందిని పట్టుకున్నదంటే, దాని రెండవ భాగం 2023 నవంబరులో థియేటర్లలోనే విడుదలైంది. మామూలుగా నది సముద్రానికి పోతుంది. ఇక్కడ సముద్రం నుండి నదికి ఎదురీత జరిగింది.

అయితే నాణెం మోగనప్పుడు మోగలేదని చెప్పాలి. చిన్న చిత్రాలలో తరచుగా కనిపించే లోపాలలో కొన్నిటికి డబ్బు కారణం, కొన్నిటికి కాదు. రాత్రి దృశ్యంలో వెలుగు చాలకపోతే క్షమించవచ్చు. మాటలకూ పెదవులకూ పొత్తు కుదరకపోతే కొంత సహించవచ్చు. నడి కథలో అవసరం లేని పాటను ఇరికించడం, ప్రతి మలుపులోనూ చెవులు పగిలే వాద్యఘోషతో భయపడమని ఆజ్ఞాపించడం, ముగింపు రాయడం చేతగాక రెండవ భాగానికి కొక్కెం తగిలించి వదిలివేయడం, ఇవి డబ్బు లేక చేసిన తప్పులు కావు. పెద్ద చిత్రాల జబ్బులను అంటించుకున్న తప్పులు. ‘మా ఊరి పొలిమేర’ను మెచ్చుకుంటూనే దాని చివరి మలుపులు కథ నుండి పుట్టినవా, కొక్కెం కోసం పేర్చినవా అని అడిగే హక్కు మనకు ఉన్నది. ఏ తప్పు ఏ కోవలోనిదో వేరుచేయడమే తన్‌కీద్.

రెండవ ప్రశ్న: ఆ చిత్రం చూపిన ఊరు నిజంగా మాట్లాడుతున్నదా? ఈ ప్రశ్న మనకు తక్కినవారికంటే దగ్గరిది. తెలుగు తెర మీద శ్రీకాకుళం యాస ఎన్నో ఏండ్లుగా పనిమనిషికీ, కాపలాదారుకూ, అమాయకుడికీ కేటాయించిన యాస. ‘ఏటి’ అన్న ఒక్క మాట వినబడగానే హాలంతా నవ్వాలని రాసినవారి నియమం. హైదరాబాదు ఉర్దూ అయిన దక్కనీకి కూడా తెర మీద ఇదే గతి పట్టింది. 2005లో కుంట నిఖిల్ తీసిన ‘ది అంగ్రేజ్’ చిన్న ఖర్చుతోనే ఆ దక్కనీని కథ నడిపే భాషగా నిలబెట్టింది. అందులోనూ నవ్వు ఉన్నది. కాని అది ఆ భాషను మాట్లాడేవారు తమలో తాము నవ్వుకునే నవ్వు.

మన ప్రాంతానికి అటువంటి సాహసం 2020లో జరిగింది. ఆ యేడు మార్చి 6న కరుణకుమార్ దర్శకత్వంలో ‘పలాస 1978’ విడుదలైంది. పలాస అంటే జీడిపప్పు తప్ప మరొకటి తెలియని బయటివారికి ఆ చిత్రం అక్కడి కులాన్ని, అవమానాన్ని, జానపద కళను నమ్ముకున్న అన్నదమ్ములు కత్తి పట్టవలసి వచ్చిన తీరును చూపింది. రక్షిత్, తిరువీర్ ఆ అన్నదమ్ములు. సంగీతం కూర్చిన రఘు కుంచే అందులో ముఖ్యమైన వేషం కూడా వేశాడు. మన ఇండ్లలో వినబడే జానపదం ‘నక్కిలీసు గొలుసు’ పాటగా ఊరూరా మోగింది. విడుదలై మూడు వారాలు కాకముందే కరోనా మూలంగా దేశమంతా మూతపడింది. థియేటరులో ఆయువు తీరిన ఆ చిత్రాన్ని ఎక్కువమంది ఇంటిలోనే చూశారు. దానిలో లోపం లేదా? ఉన్నది. రెండవ సగంలో పగ, ప్రతీకారం, కత్తి, నెత్తురు అనే పాత బాట పట్టి, మొదటి సగంలో సంపాదించుకున్న స్థానికతను కొంత పోగొట్టుకున్నది. ఆ సంగతి చెప్పవలసిన బాధ్యత ముందుగా మనదే. హైదరాబాదు విమర్శకుడు యాస సరిగా ఉన్నదో లేదో చెప్పలేడు. ఉద్దానం బిడ్డలు చెప్పగలరు. మన ఊరి కథకు మనమే తీర్పరులం కాకపోతే మరెవ్వరు కావాలి?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మన తీరం మీద విరుచుకుపడి కొబ్బరి, జీడితోటలను నేలకూల్చింది. తరువాతి రాత్రులు కరెంటు లేని చీకటిలో గడిచాయి. భయానక చిత్రం తీయదలచినవారికి ఇంతకుమించిన ఇతివృత్తం ఏమి కావాలి? ఉద్దానంలో కిడ్నీ వ్యాధి ఇల్లిల్లూ తిరుగుతున్నది. దాని కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. కనిపించని శత్రువు మంచినీటిలో ఉన్నాడో మరెక్కడ ఉన్నాడో అని అనుమానిస్తూ బ్రతికే ఊరికంటే నిజమైన భయం ఏ దయ్యం కథలో ఉన్నది? ఈ కథలు పెద్ద సంస్థలు తీయవు. తీస్తే గీస్తే చిన్న చిత్రమే తీయాలి. ఆ చిత్రం వచ్చేనాటికి దానిని గుర్తుపట్టగల కన్ను మనకు ఉండాలి గదా!

మూడవ ప్రశ్న అన్నిటికంటే బరువైనది: ఈ చిత్రం మనలను భయపెట్టడానికి ఎవరిని భూతంగా నిలబెట్టింది? 2022 నవంబరులో సాయికిరణ్ దర్శకత్వంలో ‘మసూద’ వచ్చింది. ఆ తరువాత ఆహాలో చేరింది. నటి సంగీత, తిరువీర్, బాంధవి శ్రీధర్ ముఖ్యపాత్రలు. పని తీరులో ఇటీవలి తెలుగు భయానక చిత్రాలలో ముందువరుసలో నిలిచేదని మా అభిప్రాయం. నిశ్శబ్దాన్ని వాడుకున్న తీరు, పిరికివాడైన పొరుగు యువకుడిని వీరుడిగా మార్చకుండానే ధైర్యవంతుడిగా చూపిన తీరు మెచ్చదగినవి. అయితే ఆ చిత్రంలోని భయం నల్లని బురఖా ధరించిన స్త్రీ రూపంలో వస్తుంది. మన కళాశాలలో ఆ వస్త్రం ధరించి తరగతికి వచ్చే సోదరీమణులు ఉన్నారు. వారికి అది ఇంటి వస్త్రం, తల్లి వస్త్రం. సాటి విద్యార్థి ఆ చిత్రం చూసిన మరునాడు చీకటి వరండాలో వారిని చూసి ఉలిక్కిపడి, ఆ ఉలికిపాటును నవ్వుగా మార్చితే, ఆ నవ్వు ఎవరికి గుచ్చుకుంటుంది?

ఇక్కడ న్యాయంగా మాట్లాడాలి. ఆ చిత్రాన్ని ద్వేషచిత్రమని కొట్టివేయడం తొందరపాటు. అందులో భూతం పట్టిన పిల్ల నాజియా. ఆమెను కాపాడ తాపత్రయపడే తల్లి నీలం. దారి చూపేది ముస్లిం పెద్దలు. పీర్లకు మొక్కే హిందువులున్న తెలుగు నేలకు ఆ కలయిక కొత్త కాదు, ఆ చిత్రం దానిని గౌరవంగానే చూపింది. కథ మేలు చేసే చేతులనూ కీడు చేసే చేతులనూ ఒకే సమాజంలో చూపింది గాని, బొమ్మ మాత్రం నల్లని వస్త్రాన్ని భయానికి గుర్తుగా వాడుకున్నది. కథను మరచినవారికి సైతం బొమ్మ గుర్తుంటుంది. మెచ్చుకోలూ అభ్యంతరమూ రెండూ ఒకే నోట చెప్పగలగడమే విమర్శ.

పోల్చి చూడడానికి 2018లో వెంకటేశ్ మహా తీసిన ‘కేరాఫ్ కంచరపాలెం’ ఉన్నది. అది దయ్యం కథ కాదు. కాని విశాఖలోని ఆ పేట మనుషులనే నటులుగా పెట్టి తీసిన చిన్న చిత్రం. అందులో మద్యం దుకాణంలో పనిచేసే గడ్డం, ముసుగులో నుండి కనిపించే సలీమా కన్నులను చూసి ప్రేమిస్తాడు. ముసుగు అక్కడ భయం కలిగించలేదు. మనిషిని తెలుసుకోవాలన్న కోరిక కలిగించింది. ఒకే వస్త్రం, రెండు చూపులు. ఏ చూపును ఎంచుకోవాలో దర్శకుడి ఇష్టం. ఆ ఎంపికకు లెక్క అడగడం ప్రేక్షకుడి ధర్మం.

ఇదే ప్రశ్నను చేతబడి కథలకు కూడా వేయాలి. ఉత్తరాంధ్ర మన్యంలో చిల్లంగి పెట్టారన్న అనుమానంతో మనుషులను కొట్టి చంపిన ఘటనలు పత్రికలలో చదివినవారమే. అటువంటి నేల మీద చేతబడిని నిజమని నమ్మించే చిత్రం ఉత్త వినోదంగా మిగలదు. ‘మా ఊరి పొలిమేర’ చేతబడికీ మనిషి పన్నాగానికీ నడుమ ఊగిసలాడి, ఆ ఊగిసలాటతోనే రక్తి కట్టించింది. దానికి భిన్నంగా 2019లో స్వరూప్ ఆర్.ఎస్.జె. తీసిన ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ నెల్లూరిలోని ఒక చిల్లర డిటెక్టివ్‌తో నవ్వులాటగా మొదలై, జనుల నమ్మకాన్ని సొమ్ము చేసుకునే ముఠా గుట్టు విప్పే దాకా పోయింది. ‘మసూద’కూ దీనికీ నిర్మాత ఒక్కరే, రాహుల్ యాదవ్ నక్కా. ఒకే చేయి ఒక మాటు నమ్మకాన్ని ప్రశ్నించే కథకు, మరొక మాటు నమ్మకం మీద నిలిచిన కథకు పెట్టుబడి పెట్టింది. రెండూ చూసి, ఏది మనలను ఆలోచింపజేసి వదిలింది, ఏది భయపెట్టి వదిలింది అని తరచి చూసుకోవడం విద్యావంతుల లక్షణం.

ఇంత శ్రమ ఎందుకని అడిగేవారు ఉంటారు. ఈ శ్రమతో ముడిపడి డబ్బు లెక్క కూడా ఒకటి ఉన్నది. ఓటీటీ వారు చాలా చిన్న చిత్రాలను ముందుగా సొమ్మిచ్చి కొనరు. ప్రేక్షకులు చూసిన గంటల లెక్కన నిర్మాతకు వాటా చెల్లించే పద్ధతి ఉన్నది. పది నిమిషాలలో మూసివేసిన ప్రేక్షకుడు ఆ నిర్మాతకు పది నిమిషాల కూలి మాత్రమే ఇచ్చినట్లు. దొంగప్రతిని దింపుకుని చూసినవాడు ఆ కూలి కూడా ఎగవేసినట్లు. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం అనుమతి లేకుండా చిత్రాన్ని రికార్డు చేసి ప్రసారం చేసేవారికి మూడు నెలల నుండి మూడేండ్ల వరకు జైలు, మూడు లక్షల రూపాయలకు తగ్గని జరిమానా ఉన్నవి. చట్టం మాట అటుంచి, ఇది కూలి మాట. పెద్ద చిత్రం దొంగప్రతిని తట్టుకుని బ్రతుకుతుంది; చిన్న చిత్రం ఆ దెబ్బకు లేవదు, దాని దర్శకుడు రెండవ చిత్రం తీయడు.

పని చేస్తే ఫలితం ఉంటుందనడానికి ‘సినిమా బండి’ దర్శకుడే సాక్ష్యం. ఇంటింటా చూసిన ఆ చిన్న చిత్రం తరువాత, 2025లో సమంత నిర్మాణంలో ఆయన ‘శుభం’ తీశాడు. భీమునిపట్నంలో కేబుల్ టీవీ నడుపుకునే యువకుడు, పోటీకి వచ్చిన డిష్‌లు, రాత్రి సీరియల్ వేళకు పూనకం వచ్చినట్లు మారిపోయే భార్యలు. నవ్విస్తూనే మగవాడి పెత్తనాన్ని వేలెత్తి చూపిన దయ్యం కథ అది. ఉత్తరాంధ్ర తీరపు ఊరిలో పెద్ద తారలు లేకుండా ఇటువంటిది సాధ్యమైనప్పుడు, బాహుదా ఒడ్డున ఎందుకు సాధ్యం కాదు?

పెద్దలకు ఉన్న ఒక శంకను కూడా ఇక్కడే ప్రస్తావిస్తాము. ఈ వేదికలకు సెన్సారు లేదు, పిల్లలు చెడిపోతారు అని. సెన్సారు బోర్డు ధ్రువపత్రం వీటికి అక్కరలేని మాట నిజమే. 2021 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం ఈ వేదికలే తమ చిత్రాలను అందరికీ, ఏడేండ్లు, పదమూడేండ్లు, పదహారేండ్లు దాటినవారికీ, పెద్దలకూ అని వర్గీకరించి చూపాలి. పదమూడు, ఆపై వర్గాలకు తల్లిదండ్రులు తాళం వేసుకునే ఏర్పాటు కూడా కల్పించాలి. తాళం పిల్లలకు. కళాశాలకు వచ్చినవారికి కావలసినది తాళం కాదు, తాళపుచెవి. మంచిచెడ్డలను తానే వేరుచేసుకోగల చూపే ఆ తాళపుచెవి. దానిని ఇవ్వడం విద్యాలయం పని.

కనుక కళాశాల పాలకవర్గం వారికి మా మనవి ఇది. నెలకొక చిన్న చిత్రాన్ని, నిర్మాతల అనుమతి పొంది, కళాశాల తెర మీద మొదటి నుండి చివర దాకా ప్రదర్శించే ఏర్పాటు చేయవలెను. ఒకరి ఇంటి చందాతో పదిమందికి ప్రదర్శించడం ఆ వేదికల నిబంధనలకు విరుద్ధం గనుక అనుమతి తప్పనిసరి. ప్రదర్శన తరువాత అరగంట చర్చ ఉండాలి. గ్రంథాలయంలో ఒక పుస్తకం తెరిచి, కుడివైపు నుండి ఉర్దూలో, ఎడమవైపు నుండి తెలుగులో విద్యార్థులు తమ అభిప్రాయాలు రాయాలి. రెండు భాషలూ నడిమి పుటలో కలుసుకుంటాయి. నక్షత్రాలు వేయరాదు, కారణాలు రాయాలి. వాటిలో మేలైనవి వచ్చే సంచికలో అచ్చు కావాలి. ఖర్చు స్వల్పం. ఫలం మాత్రం తరతరాలది.

విద్యార్థి మిత్రులకు మా మనవి ఇంకా చిన్నది. ఈ నెలలో పేరు వినని ఒక తెలుగు చిత్రాన్నో ఉర్దూ చిత్రాన్నో ఎంచుకోండి. దీపం తగ్గించి, చరవాణికి వచ్చే సందేశాలను ఆపి, చివరి పేర్లు పడేవరకూ చూడండి. ఆ పేర్లలో మీకు తెలిసినవాడు ఒక్కడూ ఉండడు. అయినా చదవండి. లేమిని దేనిగా మార్చారు, ఊరు నిజంగా మాట్లాడిందా, భూతంగా ఎవరిని నిలబెట్టారు అని అడిగి, నచ్చితే నచ్చిందని, నచ్చకపోతే ఫలానా కారణం చేత నచ్చలేదని నలుగురికి చెప్పండి. తీసినవాడు కోరేది చప్పట్లు కావు, చివరిదాకా చూసి చెప్పిన మాట. ఆ మాట కరువైన చోట మంచి చిత్రం పుట్టినా పెరగదు. రేపు మన ఉద్దానం చీకటిని, మన తుపాను రాత్రిని, మన ఇండ్లలోని రెండు మూడు భాషల గుసగుసలను తెరకెక్కించేవాడు ఈ తరగతి గదులలోనే కూర్చుని ఉండవచ్చు. వాడికి ముందుగా కావలసిన పెట్టుబడి, న్యాయంగా చూసే నాలుగు జతల కళ్లు.